విరిగిన చెక్క ఏమి చెబుతుంది?

విమానమనగానే మన కళ్ల ముందు మెదిలేది తళతళలాడే లోహపు పక్షి. కాని విమానం పుట్టింది వడ్రంగి బల్ల మీద. కర్ర, గుడ్డ, జిగురు, తీగ.. ఈ నాలుగే దాని తొలి ధాతువులు. నేటికీ అమెరికాలోను, ఐరోపాలోను ఇంటి వెనుక షెడ్డులో సొంతంగా విమానం కట్టుకునే ఔత్సాహికులు ఉన్నారు. వారిలో కొందరు చెక్కనే ఎంచుకుంటారు. అటువంటి వారికి ఎదురయ్యే ప్రశ్నలలో అన్నిటికంటె కఠినమైనది లెక్కలకు సంబంధించినది కాదు. ఎవరో ఏనాడో సగం కట్టి వదిలేసిన రెక్క ఒకటి చవకగా దొరుకుతుంది. చూడటానికి బాగానే ఉంటుంది. ఒకచోట వెంట్రుకవంటి గీత, మరొకచోట మేకు చుట్టూ నల్లని మచ్చ. దీనిని వాడవచ్చునా? బాగుచేసుకోవచ్చునా? లేక పొయ్యిలో పెట్టవలసిందేనా?

చిన్న ప్రశ్నే. కాని దీనికి జవాబు నేర్చుకోవడానికి మనుషులకు సుమారు నలభై యేళ్లు పట్టింది. ఎన్నో ప్రాణాలు పోయాయి. ఆ చరిత్రలో ఒకచోట మన దేశపు వానకాలం నిందితురాలిగా బోనులో నిలబడింది కూడా. కొంతకాలంగా ఈ విషయమై చదువుతున్నాను. చదివినదానిని ఒక వరుసలో పెట్టే ప్రయత్నమే ఈ టపా.

ముందుగా రెక్క నిర్మాణం గురించి రెండు మాటలు. మన పెంకుటింటి కప్పును తలచుకోండి. కప్పు బరువును మోసేది దూలం, కప్పుకు రూపమిచ్చేవి వాసాలు. విమానపు రెక్కలో దూలాన్ని స్పార్ అనీ, వాసాలను రిబ్బులనీ అంటారు. తేడా ఒక్కటే, ఇంటి దూలం మీద బరువు పైనుంచి కిందికి పడుతుంది, ఎగిరే విమానపు రెక్కను గాలి కిందినుంచి పైకి ఎత్తుతుంది. అందువల్ల స్పార్ పైభాగం నొక్కుకుపోతుంది, కిందిభాగం సాగుతుంది. చెక్కకు నార పొడవునా లాగుడును ఓర్చుకునే శక్తి ఎక్కువ, నొక్కుడును ఓర్చుకునే శక్తి తక్కువ. కనుక చెక్క మొదట ఓడిపోయేది నొక్కుడు పడే వైపునే. అదీ ఫెళ్లున విరగడం కాదు. లోపలి నార సన్నగా నలిగి ముడుత పడుతుంది, అంతే. లోహమైతే సొట్టపడి తన గాయాన్ని చూపిస్తుంది. చెక్క మాత్రం రంగు, వార్నిషు కింద దాచుకుంటుంది.

విరిగిన భాగాలను చూసి ఏది పనికివస్తుందో తేల్చుకోవలసిన అవసరం తొలి విమానంతోనే మొదలయింది. రైట్ సోదరులు తమ 1903 నాటి యంత్రంలో తిన్నని భాగాలకు స్ప్రూస్, వంపు భాగాలకు యాష్ అనే కర్రలు వాడారు. స్ప్రూస్ మన దేవదారు కుటుంబానికి చెందినదే. తేలికగా ఉండి, బరువుకు మించిన బలం కలిగినది. 1903 డిసెంబరు 14న విల్బర్ చేసిన తొలి ప్రయత్నం మూడున్నర సెకన్లలో ముగిసింది. యంత్రం ఇసుకలో దిగబడి ముందు భాగంలో కొన్ని కర్రలు విరిగాయి. రెండు రోజులు మరమ్మతులకే సరిపోయాయి. డిసెంబరు 17న నాలుగు సార్లు ఎగిరారు. నాలుగవది 59 సెకన్లు, 852 అడుగులు. ఆ దిగుబాటులో ముందరి ఎత్తుచుక్కాని చట్రం విరిగింది. దానిని ఒకటి రెండు రోజుల్లో బాగుచేసుకుని మళ్లీ ఎగరవచ్చుననే అనుకున్నారు. ఇంతలో పెద్ద గాలి వచ్చి యంత్రాన్ని దొర్లించివేసింది. రిబ్బులు విరిగాయి, ఇంజను దెబ్బతింది. ఆ యంత్రం మరి ఎగరలేదు. ఒకే రోజు, ఒకే యంత్రం, రెండు గాయాలు. ఒకటి బాగుచేసుకోదగినది, మరొకటి కానిది. ఆ తేడాను వారు కంటితోనే తేల్చారు. తామే చెక్కిన కర్రలు గనుక అది వారికి చెల్లింది.

మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఆ చనువు పోయింది. విమానాలు వేలసంఖ్యలో కావలసి వచ్చాయి. అమెరికా వాయవ్య తీరపు అడవుల్లో స్ప్రూస్ చెట్లు కొట్టడానికి 1917లో సైన్యమే ఒక ప్రత్యేక విభాగాన్ని దించింది. చెట్టు కొట్టినవాడు ఒకడు, పలక కోసినవాడు ఒకడు, రెక్క కట్టినవాడు ఒకడు, ఎగిరేవాడు మరొకడు. ఇక కంటిచూపును నమ్ముకుంటే కుదరదు, అందరికీ అర్థమయ్యే నియమాలు కావాలి. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో 1910లో ఏర్పడిన అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల ఈ పనికి పూనుకుంది. వేలకొద్దీ ముక్కలను వంచి, నొక్కి, విరిచి చూశారు. ఆ పరిశోధనల సారమే తరువాతి కాలపు విమాన మరమ్మతు గ్రంథాలలోకి చేరింది.

ఆ నియమాలలో కొన్ని వింటే మన ఊరి వడ్రంగి కూడా తల ఊపుతాడు. నార పలక అంచుకు సమాంతరంగా పోవాలి. 15 అంగుళాల పొడవు పోయేసరికి 1 అంగుళం కంటె ఎక్కువ పక్కకు ఒరిగితే స్పార్‌కు పనికిరాదు. స్ప్రూస్‌లో అంగుళానికి కనీసం 6 వార్షిక వలయాలైనా ఉండాలి. తొందరపడి పెరిగిన చెట్టులో వలయాలు ఎడంగా ఉంటాయి, చేవ తక్కువ. తేమ 8 నుండి 12 శాతం మధ్య ఉండటం మేలు. పుచ్చు ఏ కొంచెం కనిపించినా ఆ ముక్క పనికిరానట్లే. చిన్న గట్టి ముడులను కొన్ని చోట్ల ఓర్చుకోవచ్చు, స్పార్ అంచులలో ఓర్చుకోరాదు.

వీటన్నిటిలో రాజీ లేనిది నేను పైన చెప్పిన నార నలుగుడు. ఆంగ్లంలో దీనికి ఉన్న పేరును తెలుగు చేసే సాహసంతో 'నలుగుగీత' అని పిలుస్తాను. ఇది చెట్టు నిలబడి ఉన్నప్పుడే పెనుగాలికి వంగడం వల్ల రావచ్చు. చెట్టును కొట్టినప్పుడు ఏ మొద్దు మీదో పడటం వల్ల రావచ్చు. లేదా విమానం రెక్క కొన నేలకు తగిలినప్పుడు, దెబ్బ తగిలిన చోట కాక, దూరాన స్పార్ మధ్యలో రావచ్చు. నారకు అడ్డంగా, సన్నగా, కొంచెం వంకరటింకరగా ఒక గీత. నేరుగా చూస్తే కనబడదు. చీకటి గదిలో దీపాన్ని దాదాపు చెక్కకు ఆనించి, వెలుతురు ఏటవాలుగా పారేటట్లు పట్టుకుంటే ఆ గీత చిన్న గట్టులాగ నీడ పరుస్తుంది. స్పార్ మీద అదనంగా అతికించిన బలపు పలకల అంచుల దగ్గర దీనిని ముఖ్యంగా వెదకాలి. కనబడిందా, ఆ చోటు ఇక బరువు మోయదు. పైన జిగురు పూసి, రంగు వేసి సంతోషించడానికి వీలులేదు.

చెక్క సంగతి ఇలా తేలింది. జిగురు సంగతి తేలడానికి ఇంకా కాలం పట్టింది.

ఆ రోజుల్లో విమానాలకు వాడిన ముఖ్యమైన జిగురు కేసీన్. పాలను విరిచి తీసిన పదార్థంలో సున్నం కలిపి చేసేది. పొడిగా ఉన్నంతకాలం భేషైన పట్టు. కాని మూలం పాలు కదా. తడి తగిలి, ఆరకుండా నిలిచిందంటే మెత్తబడుతుంది, బూజుకు ఆహారమవుతుంది. పట్టు వదిలిన అతుకు పైకి మూసుకునే ఉంటుంది. రెండు చెక్కలూ ఒకదానిపై ఒకటి ఆనుకుని ఉంటాయి. బరువు పడిన క్షణాన గాని తాము విడిపోయామని చెప్పవు.

1931 మార్చి 31న కాన్సస్ రాష్ట్రంలో బజార్ అనే పల్లె దగ్గర ఒక ఫాకర్ ఎఫ్-10ఏ ప్రయాణికుల విమానం కూలింది. ఎనిమిది మందీ మరణించారు. వారిలో ఒకరు నోటర్ డేమ్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ శిక్షకుడు నూట్ రాక్నీ. ఆ దేశంలో ఆయనకున్న పేరు ఎంతటిదంటే అధ్యక్షుడే సంతాపం తెలిపాడు. ఒక రెక్క గాలిలోనే ఊడిపోయింది. మొదట మంచును అనుమానించారు, తరువాత ప్రొపెల్లరును అనుమానించారు. చివరకు చూపు రెక్క లోపలికి పోయింది. ఫాకర్ రెక్క పైనంతా ప్లైవుడ్ తొడుగు. లోపలికి చేరిన తేమ జిగురు పట్టును సడలించిందని, ఆ తొడుగు విప్పితే తప్ప లోపలి అతుకులను చూసే మార్గమే లేదని తేలింది. ప్రభుత్వం ఆ విమానాలను కొంతకాలం నేలమీదే నిలిపివేసింది. మళ్లీ ఎగరాలంటే రెక్కల లోపల పరీక్ష తప్పనిసరి చేసింది. తొడుగు విప్పి చూసి మళ్లీ బిగించడం ఖర్చుతో కూడిన పని. 1933లో బోయింగ్ 247, ఆ తరువాత డగ్లస్ విమానాలు పూర్తి లోహంతో వచ్చాయి. లోహం వైపు మొగ్గు అంతకుముందే మొదలయినా, ప్రయాణికుల విమానాలలో చెక్క రెక్కకు కాలం చెల్లడంలో ఈ ప్రమాదానికి పెద్ద పాత్రే ఉంది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. దోషం చెక్క బలహీనతలో కంటె చూడటానికి వీలులేకపోవడంలో ఎక్కువగా ఉంది. ఆ పాఠాన్ని అందరూ నేర్చుకున్నట్లే కనిపించింది. కాని పదమూడేళ్ల తరువాత మరొక ఖండంలో, మన ఆకాశం కిందనే, అది మళ్లీ ప్రశ్న అయి కూర్చుంది.

రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌కు అల్యూమినియం కొరత, అయితే కుర్చీలు బల్లలు చేసే పనివారికి కొరత లేదు. డి హావిలాండ్ సంస్థ ఈ పరిస్థితినే అవకాశంగా మలచుకుని మస్కిటో అనే చెక్క విమానాన్ని చేసింది. 1940 నవంబరు 25న అది తొలిసారి ఎగిరింది. పలుచని బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య తేలికైన బాల్సా కర్ర, రెక్కకు స్ప్రూస్ స్పార్లు. ఆనాటి విమానాలలో అత్యంత వేగం కలవాటిలో అది ఒకటి. మొత్తం 7,781 తయారయ్యాయి. 1944లో బర్మా రంగంలో జపానీయుల మీద పోరాడే దళాలకు వెంజెన్స్ విమానాల స్థానంలో ఈ మస్కిటోలను భారతదేశానికి పంపారు.

ఆ ఏడాది చివరలో కొన్ని మస్కిటోలు గాలిలోనే విచ్ఛిన్నమై కూలాయి. వాటి రెక్కలను పరీక్షించినవారు పైతొడుగు స్పార్ నుండి లేచివచ్చినట్లు గుర్తించారు. వెంటనే వేలు వాతావరణం వైపు చూపింది. ఉష్ణదేశపు వేడి, కుండపోత వానలు, చెదపురుగులు.. ఇంగ్లండులో పుట్టిన చెక్క ఇక్కడ ఎలా బతుకుతుంది అన్నారు. 1944 చివరలోనే మేజర్ హియర్‌వర్డ్ డి హావిలాండ్ నాయకత్వాన ఒక బృందం భారతదేశానికి వచ్చి చూసింది. ఈయన విమానకర్త జెఫ్రీ డి హావిలాండ్‌కు సోదరుడు. జిగురు చెడిపోలేదని, వానకాలపు తేమకు చెక్కలో వచ్చిన మార్పు వల్లనే ప్రమాదాలు జరిగాయని ఆ బృందం తేల్చింది. అంటే దోషం వానకాలానిదే.

వినడానికి సబబుగానే ఉంది. తేమకు చెక్క ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. మన ఇంటి తలుపులే శ్రావణంలో బిగుసుకుంటాయి కదా. కాని తరువాత జరిగిన విచారణ తయారీలోనే లోపాలున్నాయని చెప్పింది. ఇంగ్లండులోని డెఫర్డ్‌లో విమాన ఉత్పత్తి మంత్రిత్వశాఖ బృందం మరికొన్ని విమానాలను విప్పి చూసింది. ఆరు రకాల మస్కిటోలలో అవే లోపాలు కనబడ్డాయి. వాటిలో ఏదీ వానకాలపు దేశాన్ని చూడలేదు, దేనికీ చెద పట్టలేదు. అన్నీ హాట్‌ఫీల్డ్, లీవ్స్‌డెన్ కర్మాగారాలలో తయారైనవే. అతికింపు పని నాణ్యత తగినంతగా లేదని నివేదిక తేల్చింది. అయినప్పటికీ బ్రిటిష్ వాయుశాఖ ఆ విమానం మీద నమ్మకం సడలకూడదని, ప్రమాదాలకు ప్రధాన కారణం వాతావరణమేనన్న మొదటి మాటనే పట్టుకుని కూర్చుంది. రెక్క తొడుగు అతుకు పొడవునా ఒక ప్లైవుడ్ పట్టీ వేసి నీరు లోపలికి దిగకుండా చేశారు. పట్టీ మంచిదే, నీటిని ఆపుతుంది. కాని మొదటే పట్టు సరిగా లేని అతుకును అది గట్టిపరచదు.

వానకాలం పూర్తిగా నిర్దోషి అని నేను అనడం లేదు. బలహీనమైన అతుకును వాన తొందరగా బయటపెడుతుంది, బలమైన అతుకుకు కూడా అది పరీక్షే. నేను అనేది ఇంతే. విరిగిన చెక్కను పరీక్షించేవాడి ముందు ఎప్పుడూ రెండు జవాబులు ఉంటాయి. ఒకటి 'ఏదో బయటినుంచి వచ్చి దీనిని చెరిచింది'. మరొకటి 'మనం చేసిందే సరిగా లేదు'. మొదటి జవాబు వినడానికి హాయిగా ఉంటుంది. తయారుచేసిన వంశానికి చెందినవాడే పరీక్షకుడైనప్పుడు, తనకు తెలియకుండానే అటువైపు మొగ్గే ప్రమాదం ఉంది. ఆ మనిషి నిజాయితీని శంకించనక్కరలేదు, బంధం చాలు.

ఇదంతా ఇంట్లో విమానం కట్టుకునే మనిషికి ఎందుకు? ఎందుకంటే అతని విషయంలో తయారీదారు, పరీక్షకుడు, చోదకుడు ముగ్గురూ ఒక్కరే.

అమెరికాలో బెర్నార్డ్ పీటెన్‌పాల్ అనే మినెసోటా పల్లెటూరి మెకానిక్ 1920ల చివరలో ఫోర్డు కారు ఇంజనుతో ఎగిరే చెక్క విమానాన్ని తయారుచేశాడు. దాని నక్షలు 1930ల ఆరంభంలో పత్రికలో వెలువడ్డాయి. ఆ 'ఎయిర్ కాంపర్'ను ఈనాటికీ కడుతూనే ఉన్నారు. 1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీలో ప్రయోగాత్మక విమాన సంఘాన్ని స్థాపించాక ఈ అభిరుచి ఒక ఉద్యమంగా మారింది. ఆ దేశపు నిబంధనల ప్రకారం, విమానంలో ప్రధానభాగం తాను కట్టినట్లు రుజువు చేసుకున్న ఔత్సాహికుడు దానికి ఏటేటా చేయవలసిన పరీక్షను తానే చేసి సంతకం పెట్టే అనుమతి పొందవచ్చు. ఎంత గౌరవమో అంత బరువు.

అటువంటివాడు పాత రెక్కను ముందు పెట్టుకున్నప్పుడు ఏమి చేయాలి? ఇన్నేళ్ల చరిత్ర అతనికి చేతికందించిన పద్ధతి ఇది. ముందు రెక్క చరిత్ర అడగాలి, ఎక్కడ నిలవ ఉంది, ఎప్పుడైనా నేలకు కొట్టుకుందా, ఏ జిగురు వాడారు. పాత గుడ్డ, తొడుగు విప్పాలి. చూడలేని చోటు బాగుందని అనుకోరాదు. ఏటవాలు దీపంతో నలుగుగీతలు వెదకాలి. బోల్టు రంధ్రాల చుట్టూ నల్లని మరక ఉంటే అక్కడ తడి నిలిచిందని అర్థం. రంధ్రం గుండ్రంగా కాక కోలగా సాగి ఉంటే అక్కడ బరువు అదిరిందని అర్థం. చిన్న మొన ఉన్న పరికరంతో చెక్కను పొడిచి చూడాలి. ఆరోగ్యమైన చెక్క పొడుగాటి పీచుగా లేస్తుంది, పుచ్చినది పొట్టిగా, పెళుసుగా తెగుతుంది. వేలి కణుపుతోనో చిన్న సుత్తితోనో తట్టి వినాలి. మంచి అతుకు ఖంగుమంటుంది, విడిపోయినది డొల్లగా పలుకుతుంది. కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు చేసే పరీక్షే ఇది.

అన్నిటికంటె గట్టి సాక్ష్యం వేరొకటి. పాత రెక్కలోని ఒక రిబ్బును త్యాగం చేసి, అతుకు దగ్గర విరవాలి. విరిగిన ముఖాన్ని చూడాలి. జిగురుకు చెక్క పీచు దట్టంగా అంటుకుని వస్తే, ఓడింది చెక్క, అతుకు నిలిచింది. అలా కాక జిగురు నున్నగా, గాజులాగ, పీచు లేకుండా విడివడితే ఆ అతుకు ఎప్పుడూ పట్టనే లేదు, లేదా పట్టు వదిలేసింది. అప్పుడు అదే చేతితో, అదే జిగురుతో చేసిన మిగతా అతుకులన్నీ అనుమానితులే. కేసీన్ జిగురు అయితే అనుమానం ఇంకా ఎక్కువ. అమెరికా విమానయాన శాఖ మరమ్మతు గ్రంథం దానిని కాలం చెల్లినదిగానే పరిగణిస్తుంది. 1940లలో వచ్చిన ముదురు ఎర్రగోధుమ రంగు రిసార్సినాల్ జిగురు తడికి లొంగదు గాని, అదీ అతుకు సందు లేకుండా బిగిసి ఉంటేనే పట్టుతుంది. పదార్థం మారినా పనితనం అవసరం తీరలేదు.

బాగుచేయదగిన గాయమైతే దానికీ పద్ధతి ఉంది. విరిగిన చోట మొండిగా కలపరాదు. 12 అంగుళాల పొడవుకు 1 అంగుళం వాలు ఉండేటట్లు రెండు ముక్కలనూ ఏటవాలుగా చెక్కి, నార కలిసేటట్లు అతికించాలి. రెక్కను దేహానికి బిగించే ఇనుప అమరిక కిందికి ఆ అతుకు రాకూడదు. పాత జిగురు మీద కొత్త జిగురు పూయరాదు, శుభ్రమైన చెక్క బయటపడేదాకా చిత్రిక పట్టాలి. ఇకపోతే కొత్తగా జిగురు కలిపిన ప్రతిసారీ ఒక చిన్న నమూనా అతుకు చేసి, ఎండాక విరిచి చూసే అలవాటు ఉన్నది. రోజూ తన పనిని తానే విరిచి చూసుకోవడం! హాట్‌ఫీల్డ్ కర్మాగారపు గొడవ అంతా చదివాక ఈ చిన్న అలవాటు విలువ నాకు బాగా తెలిసివచ్చింది. 'వానవల్ల' అని చెప్పుకునే వెసులుబాటును అది మనిషికి ఇవ్వదు. ఆ నమూనా విరిగేది షెడ్డులోనే, వాన ఇంకా దానిమీద పడకముందే.

చివరగా ఒక విన్నపం. ఈ టపా రాస్తూ తెలుగు మాటలకోసం తడుముకున్నాను. 'నలుగుగీత' నేను కల్పించుకున్నదే. పడవలు కట్టేవారి దగ్గర, బళ్ల చక్రాలు చేసేవారి దగ్గర, తేరు కట్టేవారి దగ్గర ఈ దోషానికి తప్పకుండా ఒక పాతమాట ఉండి ఉంటుంది. నారకు అడ్డంగా, విరగకుండా నలిగిన ఆ గీతను మీ వైపు ఏమంటారు? మీ ఇంట్లో, మీ ఊళ్లో వడ్రంగం తెలిసిన పెద్దలుంటే అడిగి చెప్పండి. ఆ మాట దొరికితే నాది తీసివేసి దానినే ఇక్కడ పెడతాను.